ఎర్ర గుడ్డ

పుదుచ్చేరి దగ్గర పిళ్ళైచావడిలో ఈసీఆర్ రోడ్డు పక్కన, ఇంజనీరింగ్ కాలేజీకి కాస్త ఇవతల ఒక టీకొట్టుంది. మేనల్లుడు క్లాసు అయి బయటికి వచ్చేదాకా నేను కూలబడే చోటు అదే. మొన్న వెళ్ళినప్పుడు కొట్టు ముందు ఒక టాటా ఏస్ ఆగి ఉంది. తమిళులు దాన్ని ముద్దుగా కుట్టి యానై అంటారు, గున్న ఏనుగన్నమాట. ఆ గున్న ఏనుగు మీద సరుగుడు కర్రలు వేశారు. దాని తొట్టి మహా అయితే 7 అడుగులు, కర్రలు 18 అడుగులకు తక్కువ లేవు. ముందు కొసలు కేబిన్ నెత్తికెక్కాయి. వెనక కొసలు రోడ్డు మీదికి సాగి, బండి కదలకపోయినా వాటంతటవే సన్నగా ఊగుతున్నాయి. నడుముకి నీలం నైలాన్ తాడు, రెండు చుట్లు. డ్రైవరు కుర్రాడు బండి చుట్టూ తిరుగుతుంటే తాడు బిగువు చూసుకుంటున్నాడనుకున్నాను. తీరా చూస్తే అతను వెతుకుతున్నది ఎర్రగుడ్డ కోసం. సీటు కింద చెయ్యి పెట్టి తడిమాడు. ఒక తాడు చుట్ట బయటికి లాగాడు, దాని వెనక ఏమన్నా ఉందేమో వంగి చూశాడు, తాడు చుట్టని మళ్ళీ సీటు కిందకే తోసేశాడు. పక్కన ఆగిన ఇంకో బండాయన్ని అడిగాడు. చివరికి టీకొట్టు పెద్దాయన బట్టల షాపు వాళ్ళిచ్చిన ఎర్ర ప్లాస్టిక్ సంచి ఒకటి తీసిస్తే, దాన్ని అన్నిటికన్నా పొడుగు కర్ర కొసకి మూడు ముళ్ళేసి కట్టాడు. రెండడుగులు వెనక్కి వేసి, పెళ్ళికూతురికి బొట్టు దిద్ది చూసుకున్నట్టు ఒకసారి చూసుకుని, బండెక్కి వెళ్ళిపోయాడు.

నా టీ చల్లారిపోయింది. ఆ సంచి కోసం పది నిమిషాలు తిరిగాడు, చేతికందిన రెండో తాడుకి అర నిమిషం ఇవ్వలేదు. అదే నన్ను కెలుకుతోంది. నిర్లక్ష్యం అని ఒక్క మాటలో కొట్టిపారేద్దామా అంటే, నిర్లక్ష్యం ఉన్నవాడు అంతసేపు వెతుకుతాడా? ఆ కర్రలు ఎవరికో తగలొచ్చని అతనికి తెలుసు. తెలిసే వెతికాడు. తగలకుండా చూసుకోవడం మాత్రం వెనక వచ్చేవాడి పని అనుకున్నాడు. ఎర్రగుడ్డ చెప్పే మాట అదేనేమో: నేనిలాగే వెళతాను, నువ్వు చూసుకో. బండి ముందు నిమ్మకాయా పచ్చిమిరపకాయలూ వేలాడుతున్నాయి. ముందు కట్టింది తనకు రాబోయే కీడు కోసం, వెనక కట్టింది తను చేయబోయే కీడు కోసం. మధ్యలో సరుకు ఉంది, దాన్ని కట్టడానికే ఎవరికీ తీరిక లేదు. ఇంత పెద్ద మాటలు ఒక ప్లాస్టిక్ సంచి మీద అవసరమా అని నాకూ అనిపించింది. కానీ ఆ ఎరుపు కళ్ళ ముందునుంచి పోదే!

చట్టం కూడా చాలాకాలం ఎర్రగుడ్డ పక్షానే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో, సరుకు బండి వెనక్కి ఒక మీటరు దాకా పొడుచుకు వచ్చినా ఫరవాలేదని వెసులుబాటుండేది. మీటరు ఎంతో కాదనిపిస్తుంది, చీకట్లో ఇనుప చువ్వల లారీ వెనక మోటారు సైకిలు మీద వెళ్ళనివాళ్ళకి. గొడవ సుప్రీంకోర్టు గడప తొక్కాక, 2014లో కేంద్రం ఆ మీటరు తీసేసింది. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించినప్పుడు 194వ సెక్షన్‌లో ఇంకో ముక్క కలిపారు. సరుకు పక్కలకి గానీ, ముందుకి గానీ, వెనక్కి గానీ, ఎత్తులో గానీ హద్దు దాటితే 20,000 రూపాయల జరిమానా, ఆ సరుకు దింపించే ఖర్చు అదనం. ఆ లెక్కన ఇవాళ ఎర్రగుడ్డ కట్టడమంటే తప్పు చేస్తున్నానని జెండా ఎత్తి మరీ చెప్పుకోవడం. అయినా దాన్ని అలా చూసినవాణ్ణి నేనింకా చూడలేదు. ఒకచోట రోడ్డు మీద బళ్ళు ఆపుతుంటే, చువ్వల బండి డ్రైవరుని గుడ్డ ఏదని అడగడం మాత్రం కళ్ళారా చూశాను. అతను జేబురుమాలు తీసి కట్టాడు. వెళ్ళమన్నారు. రుమాలు తెల్లగా ఉంది.

మాది యానాం. గోదారి ఒడ్డున చుట్టూ ఆంధ్ర ఉన్నా మా సర్కారు 800 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో పుదుచ్చేరిలో ఉంటుంది. మా బళ్ళ నంబర్లు పీవై 04తో మొదలవుతాయి, మా పిల్లలు పుదుచ్చేరి అడ్మిషన్ల కమిటీ సెంటాక్‌లో సీటు వస్తే పిళ్ళైచావడి దాకా వచ్చి చదువుకుంటారు. నా చిన్నప్పుడు మా ఇంట్లో ఎడ్లబండి ఉండేది. కోతలయ్యాక వరిగడ్డి తోలడం అంటే నాకు పండగ. నాన్న బండి మీద నిలబడేవాడు, కింద నుంచి పాలేరు మోపులు అందించేవాడు. నాన్న వాటిని ఊరికే పడేసేవాడు కాదు. ఒక వరస మొదళ్ళు బయటికి, దాని మీది వరస అడ్డంగా, ప్రతి మోపూ కింది రెండు మోపుల నడుమ కూర్చునేలా, గోడ కట్టే మేస్త్రీలా పేర్చుకుంటూ పైకి లేచేవాడు. చివరికి ఆయన కాళ్ళు ఇంటి చూరు ఎత్తున ఉండేవి. అప్పుడు ముందు నుంచి వెనక్కి మోకు విసిరేవాడు. కింద ఇద్దరు బండి ఇరుసుకి కాళ్ళు తన్నిపెట్టి లాగేవాళ్ళు. లాగాక మోకులోకి మూరెడు కర్ర దూర్చి మెలిపెట్టడం. ఆ మెలిక తిరుగుతుంటే కొబ్బరి పీచు కిర్రుమని అరిచేది. నైలాన్ తాడుకి ఆ నోరు లేదు. నున్నగా ఉంటుంది, జారుతుంది, వేసిన ముడి తనంతట తనే విప్పుకుంటుంది. ప్లాస్టిక్ తాడయితే నాలుగు వేసవులు ఎండలో పడి ఉన్నాక నలిపితే పొట్టులా రాలుతుంది. అయినా చూడ్డానికి తాడులాగే ఉంటుంది కాబట్టి కడుతూనే ఉంటాం.

గడ్డి బండి ఊరి చెరువుగట్టు దాటగానే నాన్న ఎడ్లని నిలబెట్టేవాడు. చుట్ట కాల్చుకోవడానికి ఆగాడని అనుకునేవాణ్ణి. కాల్చేవాడు కూడా. కానీ దానికన్నా ముందు వెనక్కి నడిచి వెళ్ళి, మోకులో ఉన్న కర్రని ఇంకో రెండు మెలికలు తిప్పేవాడు. ఎందుకని అడిగితే, "గడ్డి ఇప్పటిదాకా నిలబడి ఉందిరా, ఇప్పుడు కూర్చుంది" అన్నాడు. అంతే చెప్పాడు. ఆ మాట నాకు అర్థమవడానికి చాలా ఏళ్ళు పట్టింది. బండి కదిలి నాలుగు గతుకులు తిన్నాక ఏ సరుకైనా కూర్చుంటుంది. కూర్చున్నంత మేరా తాడు వదులవుతుంది. ఇంటి దగ్గర ఎంత బిగించి కట్టినా, ఆ కట్టు ఇంటి దగ్గరి సరుకు కోసమే. దారిలో ఉన్న సరుకు వేరు.

నాన్న దగ్గర ఇంత చూసినవాణ్ణి, నేను చేసిన పని చెప్తాను. గోదారి మీద బాలయోగి వారధి రాకముందు యానాం నుంచి ఎదుర్లంకకి బళ్ళు పంటు మీద దాటేవి. పంటెక్కిన ప్రతి బండి చక్రాల కిందా చెక్క ముక్కలు దోపేవాళ్ళు. అక్కడ అందరికీ భయం ఉండేది, కింద నీళ్ళు కనపడేవి కదా. వంతెన వచ్చింది, నీళ్ళు కిందికెళ్ళిపోయాయి, భయమూ వాటితోపాటే పోయింది. పెళ్ళయిన కొత్తలో సామాను ట్రాలీ ఆటోలో వేసుకుని ఆ వంతెన మీదుగా ఇల్లు మారాను. బీరువాని నాలుగు తాళ్ళతో కట్టించాను, గీత పడకూడదని తాడు కింద గోనె సంచులు కూడా పెట్టించాను. పరుపుని మాత్రం నేనే అన్నిటికన్నా పైన వేసి, పాత మంచం నవారుతో ఒక్క చుట్టు చుట్టి ముడేశాను. దాని బరువెంతని? వంతెన సగానికి రాగానే గోదారి గాలి పరుపు అంచు కింద దూరింది. అది ముందు ఒక పక్క లేచింది, తెరచాపలా ఒక్క క్షణం నిటారుగా నిలబడింది, తరవాత లేదు. ఆటో ఆగి వెనక్కి పరిగెత్తేసరికి మోటారు సైకిలు ఒకటి పడి ఉంది. నడిపినాయన మోకాలు చీరుకుపోయింది. ముందు కూర్చోబెట్టుకున్న పాప మోచెయ్యి దోక్కుపోయి, ఏడవడం కూడా మరిచిపోయి నా వంకే చూస్తోంది. ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. పరుపు ఒక కొస తను పట్టుకుని, ఇంకో కొస నన్ను పట్టుకోమని, మడతపెట్టి ఆటోలో వేయించాడు. "పర్లేదండీ, పరుపు కాబట్టి సరిపోయింది. బీరువా అయితే పోయేవోళ్ళం, ఆయ్" అన్నాడు. బీరువా పడేది కాదు, దాన్ని కట్టాను, అని నోటిదాకా వచ్చింది. ఎంత సిగ్గుమాలిన జవాబు! బీరువా నాది, గీతలు పడితే నష్టం నాది. పరుపు ఎగిరితే నాకు పోయేదేముంది, దుమ్ము దులుపుకోవడం తప్ప.

సరుగుడు కర్రల బండి చూసిన సాయంత్రం కాలేజీ క్యాంటీన్‌లో మేనల్లుడికి ఆ సంగతి చెప్పాను. వాడు మెకానికల్ చదువుతున్నాడు. వాడి నవ్వులో ఈ మావయ్య టీ తాగుతూ ఇవేం పట్టించుకుంటాడు అన్నది ఉంది గానీ, తరవాత ఉషారొచ్చింది. స్టీలు పళ్ళెం బల్ల మీద పెట్టి, దాని మీద నుంచి దారం వేసి, రెండు కొసలూ బల్ల అంచుల కిందికి లాగి పట్టుకుని, "ఇప్పుడు పళ్ళాన్ని తొయ్యి మావయ్యా" అన్నాడు. కదల్లేదు. దారం వదులు చేశాడు, పళ్ళెం జారింది. "తాడు సరుకుని పట్టుకుంటుందనుకుంటాం. పట్టుకోదు. కిందికి అదుముతుంది అంతే. పట్టుకునేది పళ్ళానికీ బల్లకీ మధ్య ఉన్న రాపిడి" అన్నాడు. బల్ల మీద నాలుగు చుక్కల నీళ్ళు పోశాడు, దారం అంతే బిగువుగా ఉన్నా పళ్ళెం ఈసారి తేలిగ్గా జారిపోయింది. తొట్టిలో ఇసకో తౌడో నూనో ఉంటే సరుకు కింద గోళీలు పోసినట్టే. ఇంకో మాట కూడా చెప్పాడు. దారాన్ని నిటారుగా కిందికి లాగితే బాగా అదుముతుందట, ఏటవాలుగా సాగదీసిన కొద్దీ ఆ అదుము తగ్గిపోతుందట. పొట్టి సరుకు మీద నుంచి తొట్టి అంచులకి బారుగా సాగదీసి కట్టిన తాడు చూడ్డానికి వీణ తీగలా మోగుతుంది గానీ చేసే పని తక్కువ. ఐరోపాలో దీనికి లెక్క కట్టి పెట్టుకున్నారు. బ్రేకు వేస్తే ముందుకి దూకకుండా సరుకు బరువులో పదింట ఎనిమిది వంతుల బలాన్ని తట్టుకోవాలి, పక్కలకీ వెనక్కీ సగం బరువుని తట్టుకోవాలి. టన్ను ఇనుము వేసుకున్న బండి సడన్ బ్రేకు కొడితే, కేబిన్ వెనక 800 కిలోల తోపు వచ్చి పడుతుందన్నమాట. అక్కడ కూర్చున్నది డ్రైవరు వీపు.

మరి ఆ కర్రల నడుముకి రెండు చుట్లు ఉన్నాయి కదరా, అన్నాను. వాడికన్నా ముందు నాకే జవాబు తట్టింది, వాళ్ళమ్మమ్మ రూపంలో. అంటే మా అమ్మ. ఈనెల చీపురు కొన్నాళ్ళు వాడాక వదులై, మధ్యలో పుల్లలు ఒక్కొక్కటే జారిపోతుంటాయి. కట్టు పైపుల్లల్నే అదుముతుంది, నడిమి పుల్లలకి ఆ బిగువు అందదు. అమ్మ చీపురుని తలకిందులు చేసి నేలకేసి నాలుగు పోట్లు పొడిచి, మొదట్లో చిన్న కర్రముక్క దిగ్గొట్టేది. మళ్ళీ రాయిలా బిగుసుకునేది. సరుగుడు కర్రలు కూడా చీపురు పుల్లలే. బెరడు చెక్కేస్తే ఇంకా నున్నన. బండి కుదుపుకి నడిమి కర్ర ఒకటి మెల్లగా వెనక్కి జారుతుంటే, పైన తాడు చెక్కుచెదరకుండా కనిపిస్తూనే ఉంటుంది. ఎర్ర సంచి కట్టింది పొడుగు కర్రకి. జారేది ఇంకోటి.

ఇదంతా తెలిసిన చదువు, తెలియని డ్రైవరు, అని తేల్చేస్తే నాకు హాయిగానే ఉంటుంది. కానీ పేపరు అలా తేల్చనివ్వదు. 2024 సెప్టెంబరులో మా వైపే, తూర్పు గోదావరి జిల్లా దేవరపల్లి మండలంలో, జీడిగింజల బస్తాల మినీ లారీ రాత్రివేళ బోల్తా పడి ఏడుగురు ఆ బస్తాల కిందే చనిపోయారు. 2025 జూలైలో అన్నమయ్య జిల్లా పుల్లంపేట దగ్గర చెరువుకట్ట మీద మామిడికాయల లారీ పడిపోయి 9 మంది పోయారు, పగలంతా ఆ కాయలు కోసిన కూలీలే. అదే ఏడాది నవంబరులో చేవెళ్ళ దగ్గర కంకర టిప్పరూ ఆర్టీసీ బస్సూ గుద్దుకుంటే, కంకర బస్సులోకి వచ్చి పడి, సీట్లలో ఉన్నవాళ్ళని కప్పేసింది. 19 మంది పోయారు. జీడిగింజ, మామిడికాయ, కంకర రాయి, వీటిలో ఏ ఒక్కటీ మనిషిని చంపేది కాదు. మామిడికాయ పిల్లవాడి అరచేతిలో పడుతుంది. టన్నులకొద్దీ పోగేసి, కట్టకుండా కప్పకుండా, దాని మీద మనుషుల్ని కూర్చోబెట్టి పరిగెత్తిస్తే అది వేరే వస్తువయిపోతుంది. కూలీలకి విడిగా బండి పెడితే ఖర్చు. సరుకు ఎలాగూ వెళుతోంది, దాని మీద వీళ్ళూ వెళతారు. అలా అనుకున్న క్షణంలోనే మనిషి కూడా లోడులో కలిసిపోయాడు, అదీ తాడు వేయని లోడులో.

అసలు కట్టడం ఎవరి పని? జట్టు కూలీకి బస్తాకింత అని ఎత్తుడు కూలి ఇస్తారు. ఎత్తడానికి లెక్క ఉంది, దింపడానికి లెక్క ఉంది, కట్టడానికి మాత్రం లెక్క లేదు. సరుకు యజమాని బిల్లు రాసి చేతులు దులుపుకుంటాడు. బండి యజమాని ఇంకో ఊళ్ళో ఉంటాడు. క్లీనరు ఉండే రోజుల్లో తాడు, పట్టా వాడి పని. కుట్టి యానైకి క్లీనరెక్కడ? ట్రిప్పుకింత అని బతికే ఆ డ్రైవరు కుర్రాడు రెండో తాడు వేసి, దారిలో ఆగి బిగించి, మళ్ళీ ఆగి బిగిస్తే పోయేది వాడి ట్రిప్పే. ఎర్రగుడ్డ వాడికి చవక. వాడి మీద నా కోపం ఇక్కడికొచ్చేసరికి కొంత చల్లబడింది, పూర్తిగా పోలేదు. తాడు సీటు కిందే ఉంది కదా అన్న చోట అది మళ్ళీ లేస్తోంది.

మేనల్లుడితో మాట్లాడిన మర్నాడు పొద్దున్న సముద్రం వైపు నడిచాను. పిళ్ళైచావడి జాలర్ల ఊరు. 1980ల చివర దక్షిణాన హార్బరు గోడలు కట్టాక ఉత్తరానికి వచ్చే ఇసక ఆగిపోయి, సముద్రం ఈ తీరాన్ని కొరుక్కుతినడం మొదలుపెట్టింది. పడవ నిలుపుకోవడానికి మిగిలిన ఇసక పట్టె కూడా సన్నది. ఒకాయన వేటకి సిద్ధమవుతున్నాడు. వల మడతలు పడవ అడుగున సర్ది, ఐసు పెట్టెని అడ్డబల్లకి కట్టి, కట్టాక కాలితో గట్టిగా తన్ని చూశాడు. కదల్లేదు. అయినా తాడు విప్పి మళ్ళీ కట్టాడు. ఇంజను, ఆయిలు డబ్బా, నీళ్ళ క్యాను, అన్నిటికీ అదే వరస. ఎవరూ చలానా రాయరు, ఎర్రగుడ్డ జాడే లేదు. ఒడ్డు మీద పదేళ్ళ పిల్లాడు గుంజకి మూడు చుట్లు వేసిన పడవ తాడు కొస పట్టుకుని, అలలు పడవని లాగుతున్నా ఆవలిస్తూ నిలబడ్డాడు. ఆయిలర్ అనే లెక్కల మనిషి 18వ శతాబ్దంలో దీనికి సూత్రం రాశాడని మేనల్లుడు తరవాత చెప్పాడు. రాపిడి 0.3 అనుకుంటే, మూడు చుట్లు వేసినప్పుడు కిలో బలంతో దాదాపు 285 కిలోల లాగుడుని ఆపొచ్చట. పిల్లాడికి ఆయిలర్ అక్కర్లేదు.

మా వైపు తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు కూడా ఇలాగే మోకుని రోజూ వేళ్ళతో తడిమి తడిమి చూసుకుంటాడు. మోకు తెగితే పడేది తనే. పడవలో ఐసు పెట్టె జారితే ఒరిగేది తన పడవే. ఆ తాడుకీ ఆ మనిషికీ మధ్య ఇంకెవరూ లేరు. రోడ్డు మీద తాడు తెగితే దెబ్బ తగిలేది వెనక వచ్చే మనిషికి. వాడి పేరు తెలియదు, మొహం తెలియదు, తగిలాక కూడా చాలాసార్లు తెలియదు, బండి ముందుకెళ్ళిపోతుంది కాబట్టి. నా పరుపు కింద పడ్డ పాప పేరు నేను అడగలేదు. ఈపాటికి తను బండి నడిపే వయసుకి వచ్చి ఉంటుంది.

సెమిస్టరు అయిపోయి మేనల్లుడు హాస్టలు ఖాళీ చేసినప్పుడు మళ్ళీ వెళ్ళాను. మంచం, పుస్తకాల పెట్టెలు, చుట్టిన పరుపు. ఈసారి పరుపు అన్నిటికన్నా అడుగున. కుట్టి యానై డ్రైవరు ఒక తాడు వేసి చాలన్నాడు. ఇంకో తాడు ఉందా తంబీ, అన్నాను. సీటు కింద ఉంది. అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి వేయించి, మంచం కోళ్ళకి కూడా చుట్టించి, నేనూ ఒకసారి కాలితో తన్ని చూశాను. డ్రైవరు నవ్వుకున్నాడు. ఊళ్ళోకి వెళ్ళే దారిలో బొమ్మయార్‌పాళయం దాటాక బండి ఆపమన్నాను. పిళ్ళైచావడి నుంచి ఎంతో దూరం రాలేదు. దిగి చూస్తే తాడు రెండు వేళ్ళు దూరేంత వదులైంది.